అరకు ఘాట్‌లో గూడ్సు బండి వెంట ఒక రోజు: ఫొటోలు తీసేవాళ్లకి సమగ్ర మార్గదర్శి

గూడ్సు బండికి మనకి దొరికే టైంటేబులు లేదు. ఎనౌన్స్‌మెంటు లేదు. పాసింజరు బండి ఎక్కడుందో చెప్పే యాప్‌లు గూడ్సు గురించి నోరెత్తవు. అందుకే రైలు ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లు చాలామంది వందే భారత్ దగ్గరే ఆగిపోతారు. గూడ్సు కోసం వెళ్లినవాళ్లు కూడా ఏదో ఒక గేటు దగ్గర గంటలు గంటలు నిలబడి, విసుగొచ్చి కదిలిన ఐదు నిమిషాలకి వెనక హారన్ విని తల కొట్టుకుంటారు.

అయితే కొన్ని లైన్లలో గూడ్సుని ముందే పసిగట్టవచ్చు. విశాఖపట్నం దగ్గర కొత్తవలస నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వరకు వెళ్లే కేకే లైను అలాంటిది. పొద్దున ఎస్.కోట (శృంగవరపుకోట)లో మొదలుపెట్టి సాయంత్రానికి అరకు చేరేలా ఒక రోజు ప్రణాళిక ఇది. దీని కిటుకు ఒక్కటే: దిగే లోడు బండి కోసం కాచుకోవాలి, ఎక్కే ఖాళీ బండిని తరమాలి. దీన్ని తిరగేస్తే రోజంతా పెట్రోలు కాల్చడమే మిగులుతుంది.

లైను స్వభావం ముందు తెలుసుకోండి

బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి ఎగుమతి చేయడానికి 1960ల్లో వేసిన లైను ఇది. పొడవు సుమారు 446 కిలోమీటర్లు, దారిలో 50కి పైగా సొరంగాలు. ఎర్రఖనిజం ఇప్పటికీ ఈ దారినే దిగుతోంది, కొంత రేవుకి, కొంత ఉక్కు కర్మాగారానికి.

ఫొటోలు తీసేవాడికి ఇందులో పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఇక్కడ సరుకు దాదాపు ఒకవైపే నడుస్తుంది. కిరండూల్ నుంచి కిందికి వచ్చేవి లోడు బండ్లు, విశాఖ నుంచి పైకి పోయేవి ఎక్కువగా ఖాళీ రేకులు, అంటే వ్యాగన్ల వరుసలు. ఏ దిక్కు నుంచి హారన్ వినిపించిందో తెలిస్తే వచ్చేది ఏమిటో సగం తెలిసినట్టే.

రెండోది, ఘాట్‌లో ఇది చాలాకాలం ఒంటి లైను. రెండో లైను పనులు ముక్కలు ముక్కలుగా పూర్తవుతున్నాయి కాబట్టి ఏ ముక్కలో ఎన్ని పట్టాలున్నాయో వెళ్లే ముందు ఉపగ్రహ మ్యాపులో చూసుకోండి. ఒంటి లైను ఉన్నంతమేరా ఎదురెదురు బండ్లు స్టేషన్‌లో తప్ప ఎక్కడా దాటుకోలేవు. పాసింజరు బండి వస్తోందంటే దానికి దారి ఇవ్వడానికి ఏదో ఒక స్టేషన్ లూప్ లైనులో, అంటే పక్కకి తప్పుకునే పట్టాల మీద, గూడ్సు ఆగి ఉంటుంది. మన టైంటేబులు అక్కడ దొరుకుతుంది.

ముందురోజు రాత్రి చేసుకోవలసిన లెక్క

విశాఖ నుంచి కిరండూల్ పాసింజరు పొద్దున ఏడులోపు బయల్దేరి, పదకొండు ప్రాంతంలో అరకు చేరుతుంది. అద్దాల విస్టాడోమ్ పెట్టెలు ఉండేది ఈ బండికే. అటునుంచి వచ్చే జోడీ బండి మధ్యాహ్నం దాటాక అరకు నుంచి దిగుతుంది. ఈ రెండింటి ఆరోజు టైములు యాప్‌లో చూసి ఒక కాగితం మీద రాసుకోండి. ఎస్.కోట, బొడ్డవర, శివలింగపురం, టైడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు. ప్రతి స్టేషన్ పేరు పక్కన పాసింజరు అక్కడికి వచ్చే టైము రాయండి. ఘాట్‌లో సిగ్నల్ సరిగా అందదు, అక్కడ యాప్ తెరుచుకుంటుందని నమ్ముకోకండి.

ఆ కాగితాన్ని చదివే పద్ధతి చెప్తాను. పాసింజరు పైకి పోతున్నప్పుడు లోడు బండ్లు ఎక్కడో ఒకచోట పక్కకి తప్పుకుని నిలబడతాయి. పాసింజరు దాటిపోయిన కాసేపటికి అవి కదులుతాయి. అంటే పాసింజరు మీ పక్కనుంచి పైకి వెళ్లాక పైనుంచి లోడు దిగే అవకాశం బాగా ఎక్కువ. అప్పుడు మాత్రం అక్కణ్ణుంచి కదలకండి. అలాగే పాసింజరుకి వెనకాలే కింద ఆగి ఉన్న ఖాళీని కూడా వదులుతారు. పొద్దుటి పాసింజరు మనకి అలారం గడియారం లాంటిదన్నమాట.

ఇక వెలుతురు. కొత్తవలస నుంచి అరకు వైపు లైను స్థూలంగా వాయవ్యానికి ఎక్కుతుంది. దిగే లోడు బండి ముఖం ఆగ్నేయానికి ఉంటుంది. చలికాలంలో పొద్దుటి సూర్యుడు ఉండేది కూడా అక్కడే కాబట్టి ఉదయం ఘాట్‌లో లోడు బండి ఇంజను ముఖం మీద నేరుగా ఎండ పడుతుంది. మధ్యాహ్నానికి సూర్యుడు పడమటికి తిరిగితే ఎక్కే ఖాళీల ముఖం వెలుగుతుంది, కానీ అప్పటికి ఘాట్ లోయల్లో కొండనీడ కమ్మేస్తుంది. కనుక ఉదయం ఘాట్‌లో లోడు, సాయంత్రం అరకు మైదానంలో ఖాళీ. వంపులు ఎక్కువ కాబట్టి ఒక్కోచోట లెక్క తారుమారవుతుంది. మీరు నిలబడబోయే వంపు ఏ దిక్కుకి తిరిగిందో మ్యాపులో ఒకసారి చూసుకోండి.

కాలం విషయంలో నా ఓటు అక్టోబరు చివర నుంచి జనవరికి. వానలు వెలిసి కొండలు పచ్చగా ఉంటాయి, గాలి కడిగినట్టు ఉంటుంది. డిసెంబరు, జనవరిలో అరకు వైపు పొద్దున మంచు దట్టంగా పడుతుంది, కాబట్టి ఉదయాన్నే పైకి పరిగెత్తి లాభం లేదు. వానాకాలంలో లోయ అందం వేరే, ఒప్పుకుంటాను. కానీ కొండచరియలు పట్టాల మీద పడితే లైనే మూతపడుతుంది.

సామాను

కెమెరా ఏదైనా ఫరవాలేదు, లెన్సు మాత్రం ఆలోచించి తీసుకోండి. ఖనిజం మోసే, పైకప్పు లేని బాక్స్‌ఎన్ రకం వ్యాగను ఒక్కోటి 10.7 మీటర్ల పొడవు. అలాంటివి 58, వెనక బ్రేక్ వాన్, ముందు రెండు మూడు ఇంజన్లు కలిపితే బండి దాదాపు 700 మీటర్లు. తిన్నటి పట్టాల పక్కన నిలబడితే మీ ఫొటోలో వచ్చేది ఇంజను, నాలుగైదు వ్యాగన్లు, అంతే. బండి పొడవు కనబడాలంటే వంపు కావాలి, ఎత్తు కావాలి, ఆ వంపుని దగ్గరికి లాగే 70-200 లెన్సు కావాలి. దానితోపాటు ఒక 24-70. ఫోన్‌తో తీసేవాళ్లు అరకు మైదానం మీద ఎక్కువ ఆధారపడండి, ఘాట్‌లో ఫోన్‌కి పని తక్కువ.

ట్రైపాడ్ బండిలోనే వదిలేయండి. పట్టాల పైన ఉన్న తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. దాన్ని తాకనక్కర్లేదు, మరీ దగ్గరికి వెళ్లినా కరెంటు మీ మీదకి దూకుతుంది. వంతెన మీద నిలబడి సెల్ఫీ కర్ర, ట్రైపాడ్, గొడుగు తీగ వైపు చాచకూడదు. డ్రోను ఊసే వద్దు.

ఎర్రచొక్కా వేసుకోకండి. పట్టాల దగ్గర ఊగే ఎర్రబట్ట లోకో పైలట్‌కి ప్రమాద సూచన. మీ చొక్కా వల్ల ఖనిజం నిండిన బండి ఘాట్‌లో ఆగిందంటే ఆ రోజుకి మీ ఫొటోల సంగతి అంతే. నీళ్లు, టోపీ, చీలమండ దాటే బూట్లు. గడ్డిలో పాములుంటాయి.

హద్దు ఎక్కడ

ఫొటోలన్నీ రోడ్డు మీంచి, ఊరి బాట నుంచి, అడిగి దిగిన పొలం గట్టు నుంచి, టికెట్టు కొని నిలబడిన ప్లాట్‌ఫారం నుంచి. పట్టాల మీద నడవడం, సొరంగం నోట్లో నిలబడడం, రైలు వంతెన మీద కూర్చోవడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కటికి జలపాతానికి పట్టాల వెంబడి నడిచిపోయే జనాన్ని చూసి మీరూ దిగకండి. రెండు పట్టాలు పడిన చోట ఇంకో గండం ఉంది. ఒక బండి మోతలో వెనకనుంచి వచ్చే రెండో బండి వినపడదు.

స్టేషన్‌లో అయితే ముందు స్టేషన్ మాస్టరుకి కనబడి, "సార్, గూడ్సు బండి ఫొటో ఒకటి తీసుకుంటాను" అని అడగండి. వద్దంటే సరేనని వచ్చేయండి, వాదన పెట్టుకోకండి. విశాఖ రేవు, నౌకాదళం చుట్టుపక్కల కెమెరా బయటికి తీయకపోవడమే మంచిది.

తెల్లవారి: ఎస్.కోట దాటి బొడ్డవర

విశాఖలో చీకటి ఉండగానే బయల్దేరి, సూర్యుడు లేచేసరికి ఎస్.కోటలో టీ తాగండి. పెట్రోలు ఇక్కడే కొట్టించుకోండి. మీతో బండి నడిపే మనిషి ఒకరుంటే రోజు సగం తేలిక. ఒకే మనిషి ఘాట్ రోడ్డు మీద స్టీరింగు పట్టుకుని పట్టాల కోసం పక్కచూపులు చూడడం మంచిది కాదు.

బొడ్డవర దాకా మైదానం. అక్కణ్ణుంచి లైను కొండకి ఎదురు తిరుగుతుంది. వరిచేలు ముందు, తూర్పు కనుమలు వెనక, మధ్యలో బండి. ఇక్కడ ఫొటో సులువు, కానీ వెనకనున్న కొండలు కొట్టుకుపోకుండా ఉండాలంటే ఎండ ముదరకముందే తీయాలి. గేటు దగ్గరో టీకొట్టు దగ్గరో మనుషుల్ని పలకరించండి. "బావూ, మీదకి ఖాళీ ఏదైనా ఉందేటి?" అంటే, "పాసింజరు ఎల్లాక ఒకటి ఒత్తాది" అని ఏ యాప్ చెప్పని కబురు చెప్తారు.

పాసింజరు ముందు ఇక్కడ ఎక్కువసేపు ఉండకండి. అది వచ్చేలోగా మీరు పైన ఉండాలి.

ఘాట్: లోడు కోసం కాపు

కాశీపట్నం దాటాక రోడ్డు కొండెక్కుతుంది. టైడ స్టేషన్ రోడ్డుకి దగ్గర. ఆ తర్వాత రోడ్డు, రైలు విడిపోతాయి. రోడ్డు డముకు, అనంతగిరి కాఫీతోటల మీదుగా పోతే, లైను చిమిడిపల్లి మీదుగా లోయ అంచున సొరంగాలు దూరుకుంటూ బొర్రాకి చేరుతుంది. చిమిడిపల్లి పేరు చూసి ఆశపడి అడవిలోకి దిగకండి. ఉదయానికి టైడ, బొర్రా రెండు చాలు. రెండింట్లో ఏదో ఒకటే ఎంచుకోమంటే టైడ. రోడ్డు పక్కనే ఉండి, తర్వాత ఖాళీని తరమడానికి వీలుగా ఉంటుంది.

పాసింజరు కంటే కనీసం అరగంట ముందు చేరి చోటు చూసుకోండి. రోడ్డు మీద పట్టాలకంటే ఎత్తుగా ఉన్న వంపు వెతకండి. ఎత్తు ఎందుకంటే, ఖనిజం చాలా బరువైనది. వ్యాగను నిండా పోస్తే ఇరుసులు మోయలేవు. అందుకని వ్యాగను రెండు కొనల దగ్గర ఉన్న చక్రాల మీదుగా రెండు కుప్పలుగా పోస్తారు. కిందనుంచి చూస్తే ఆ కుప్పలు గోడల వెనక దాక్కుని, లోడు బండి కూడా ఖాళీలాగే కనబడుతుంది. పైనుంచి చూస్తే వంపు పొడవునా ఒక్కో వ్యాగన్‌లో రెండేసి ఎర్రకుప్పలు వరుసకట్టి ఉంటాయి. కేకే లైను ఫొటో అంటే నాకు అదే, తక్కినవి ఎక్కడైనా దొరుకుతాయి.

పాసింజరు వచ్చినప్పుడు దాన్ని కూడా తీయండి, అందం కోసం కాదు, ఎక్స్‌పోజరు సరిచూసుకోవడానికి. ఇంజను ముందు స్తంభం అడ్డం వస్తోందా? తీగని తాకే పాంటోగ్రాఫ్ ఫ్రేములో ఉందా, తెగిపోయిందా? అడవి పచ్చదనం నల్లగా ఉండి కెమెరా మోసపోతోందా? నల్లటి నేపథ్యం చూసి కెమెరా వెలుతురు పెంచేస్తుంది, దాంతో ఇంజను హెడ్‌లైటు, దాని ముందు పసుపు పట్టీ తెల్లగా కాలిపోతాయి. ఎక్స్‌పోజరు కొద్దిగా తగ్గించి, తర్వాత సరిదిద్దుకోవడానికి వీలుండే రా (RAW) ఫైలులో తీయండి. షట్టరు 1/800 సెకను దగ్గర పెట్టుకుంటే ఘాట్ వేగానికి చాలా ఎక్కువే.

తర్వాత చెవులకి పని చెప్పండి. కరెంటు ఇంజను డీజిలులాగా దూరం నుంచి గుడగుడలాడదు. ముందు వంపులో హారన్, తర్వాత పట్టాల మీద చక్రాల గీరుడు, ఆపైన ఇంజన్లని చల్లబరిచే బ్లోయర్ల ఈల. లోడు బండికి బరువైన మూగ మోత ఉంటుంది. ఖాళీ వ్యాగన్లు డబ్బాల్లాగా గలగలమంటాయి. కాసేపు విన్నాక కళ్లు మూసుకుని కూడా పోల్చుకోగలరు. బ్రేకులు పట్టి దిగిన బండి పోయాక కాలిన ఇనుము వాసన గాలిలో కాసేపు ఉంటుంది.

లోడు వంపులోకి వచ్చినప్పుడు తొందరపడకండి. మొదటి ఇంజను స్తంభాన్ని దాటి బయటపడ్డాక నొక్కండి. గూడ్సు లాగే డబ్ల్యూఏజీ-9 జాతి కరెంటు ఇంజన్లే ఎక్కువగా ముందుంటాయి. ఇవి దిగేటప్పుడు మోటార్లనే జనరేటర్లుగా మార్చి వేగాన్ని పట్టి ఉంచుతాయి, అలా పుట్టిన కరెంటుని పైతీగలోకే తిరిగి పంపుతాయి. అదే తీగ మీద కింద ఎక్కుతున్న ఖాళీకి ఆ కరెంటు పనికొస్తుంది. దిగే బరువు ఎక్కే బండిని లాగడం అంటే ఇదే. ఒకప్పుడు స్వీడన్, జపాన్‌ల నుంచి తెప్పించిన డబ్ల్యూఏజీ-6 ఇంజన్లు వాల్తేరు షెడ్‌లో ఉండేవి. వాటి పాత ఫొటోలు ఇప్పుడు బంగారం. ఇప్పటి మామూలు ఇంజను ఫొటోకి కూడా రేపు అదే విలువ వస్తుంది కాబట్టి నంబరు, షెడ్డు (ఆ ఇంజను ఉండే డిపో) పేరు చదవగలిగేలా ఒక ఫ్రేము తప్పకుండా పెట్టుకోండి.

చివరి బ్రేక్ వాన్ దాకా కెమెరా దించకండి. గార్డు గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఇప్పుడు కాగితాల మీద ట్రైన్ మేనేజర్ అంటున్నారు, నోటికి మాత్రం గార్డే. చెయ్యి ఊపితే ఆయన కూడా ఊపుతాడు. ఊపేది ఉత్త చెయ్యే అయి ఉండాలి, జేబురుమాలు కాదు.

ఖాళీని తరమడం

ఇప్పుడు అసలు సరదా. ఎదురుగా వచ్చే లోడుని తరమలేం, మనం పైకి పోతుంటే అది కిందికి పోతుంది. కానీ పాసింజరు వెనకాల ఎక్కే ఖాళీ మన దిక్కుకే వస్తుంది. ఎక్కుడు 1కి 60 దాకా ఉంటుంది, అంటే 60 మీటర్లకి ఒక మీటరు ఎత్తు. ఖాళీ అయినా ఆ పొడవుకి నిదానంగానే ఎక్కుతుంది, మధ్యలో దిగే లోడుకి దారి ఇవ్వడానికి ఆగుతుంది కూడా. రైలు కొండ చుట్టూ తిరిగి వస్తే రోడ్డు అడ్డంగా ఎక్కుతుంది. కాబట్టి హడావిడి అక్కర్లేదు. ఘాట్ మలుపుల్లో లారీలని ఓవర్‌టేక్ చేయవలసినంత అవసరం ఏ గూడ్సుకీ లేదు.

టైడలో ఖాళీ దాటాక అనంతగిరి మీదుగా పైకెక్కి, బొర్రా దారి చీలిక దగ్గర కిందికి దిగండి. లైను బొర్రా గుహల మీదుగానే పోతుంది. టూరిస్టులు లోపల దీపాలు చూస్తుంటే నెత్తిమీద ఖనిజం బండి పోతూ ఉంటుంది. స్టేషన్‌లో ప్లాట్‌ఫారం టికెట్టు తీసుకుని నిలబడితే, ఖాళీ లూప్‌లో ఆగినప్పుడు వ్యాగన్లని దగ్గరగా చూసే వీలు దొరుకుతుంది. ప్రతి వ్యాగను ఒంటి మీద 11 అంకెల నంబరు ఉంటుంది. మొదటి రెండు వ్యాగను రకం, తర్వాతి రెండు ఏ రైల్వేదో, ఆ తర్వాతి రెండు తయారైన ఏడు. పక్కనే ఉన్న పాతికేళ్ల వ్యాగను సొట్టలనీ నిరుడు వచ్చినదాని పెయింటునీ ఒకే ఫ్రేములో పెట్టండి, ఆ రేకు జీవితం అంతా అందులో ఉంటుంది. ఎర్రధూళి పట్టిన స్ప్రింగులు, బ్రేకు గొట్టాలు, కప్లింగు. ఆగిన బండి కిందకి, మధ్యకి మాత్రం తల పెట్టొద్దు. చప్పుడు లేకుండా కదులుతుంది.

ఖాళీ బొర్రా చేరడానికి ఆలస్యమైతే ఎదురుచూస్తూ మధ్యాహ్నం పోగొట్టుకోకండి. దాన్ని వదిలేసి అరకు వైపు బయల్దేరండి, ఎలాగూ అక్కడికే వస్తుంది.

మధ్యాహ్నం తర్వాత: శిమిలిగుడ, అరకు

గాలికొండ, సుంకరమెట్ట దాటితే మైదానం తెరుచుకుంటుంది. శిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996.32 మీటర్లు. బ్రాడ్‌గేజ్‌లో అన్నింటికంటే ఎత్తైన స్టేషన్ అని చాలాకాలం చెప్పుకున్నారు, కాశ్మీరు లైను వచ్చాక ఆ కిరీటం పోయింది. బోర్డు ఫొటో తీసుకోండి, తప్పులేదు. అసలు ఫొటో మాత్రం పొలాల్లో ఉంది.

నవంబరు ప్రాంతంలో అరకు చుట్టూ వలిసె పూలు పూస్తాయి. పట్టాల పక్కన పసుపు, పైన ఆకుపచ్చ ఇంజను, వెనక ఎర్రధూళి వ్యాగన్లు. సాయంత్రం మూడు దాటాక పైకి వచ్చే ఖాళీ ముఖం మీద ఎండ వాలుగా పడుతుంది. పట్టాలకి నైరుతి వైపు నిలబడితే బండి పక్కభాగం కూడా వెలుగుతుంది. పొలంలో దిగే ముందు అడగండి. "అమ్మా, గట్టు మీద నిలబడి రైలు ఫొటో తీసుకోవచ్చా?" అంటే కాదనేవాళ్లు తక్కువ. పూలు తొక్కుతూ సెల్ఫీలు దిగిపోయినవాళ్ల వల్ల ఈమధ్య కొందరు డబ్బులు అడుగుతున్నారు. పంట వాళ్లది, ఇచ్చేయండి.

ఇక్కడ పానింగ్ కూడా ప్రయత్నించవచ్చు. షట్టరు 1/40 దగ్గరకి దించి, ఇంజను కిటికీ మీద చూపు నిలిపి బండితోపాటు నడుముని తిప్పండి. వ్యాగన్ల వరుస ఎలాగూ పొడవు కాబట్టి మొదటి పది ఫ్రేములు చెడిపోయినా ఇంకా బండి అయిపోదు. పాసింజరు బండికి ఈ సౌకర్యం ఉండదు.

అరకు దాటి ఒడిశా వైపు తరుముదామని అనిపిస్తుంది. వద్దు. చీకటిపడేలోగా ఘాట్ దిగాలంటే ఎండ ఉన్నప్పుడే బయల్దేరాలి, లేదా అరకులోనే గది తీసుకోవాలి. గది తీసుకుంటే రేపు పొద్దున మంచులో హెడ్‌లైటు ఫొటో అదనంగా దొరుకుతుంది.

ఘాట్ అందుబాటులో లేనివాళ్లకి

తెలంగాణలో ఉన్నవాళ్లు కాజీపేట, బల్లార్షా మధ్య ప్రయత్నించండి. పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల దగ్గర సింగరేణి బొగ్గు బండ్లు పుష్కలం. అక్కడ వంపులు, ఎత్తులు ఉండవు. ఒకేచోట నిలబడితే బండ్లే వరుసగా మీ ముందుకొస్తాయి, తరమాల్సిన పని లేదు. బొగ్గుకి అడుగు తెరుచుకునే హాపర్ వ్యాగన్లు, సిమెంటు, ఎరువులకి మూతపెట్టెలు, పెట్రోలుకి ట్యాంకులు, కంటైనర్లకి చదును బండ్లు. రకాలు నేర్చుకోవడానికి కేకే లైను కంటే ఇదే మంచి బడి.

ఇంటికొచ్చాక

అదే రాత్రి ఫైళ్లకి పేర్లు పెట్టండి, మర్నాటికి ఏ వంపు ఏదో గుర్తుండదు. తేదీ, టైము, రెండు స్టేషన్ల పేర్లు (ఉదాహరణకి శివలింగపురం-టైడ మధ్య), పైకా కిందికా, లోడా ఖాళీనా, ప్రతి ఇంజను నంబరు, షెడ్డు. ఫొటో మసగ్గా వచ్చినా ఈ వివరాలుంటే ఉంచండి. పాసింజరు టైములు రాసుకున్న కాగితం పారేయకుండా, ఏ గూడ్సు పాసింజరుకి ఎన్ని నిమిషాల తర్వాత కదిలిందో దాని మీదే రాసి పెట్టుకోండి. వచ్చేసారి ఏ వంపు దగ్గర ఎంతసేపు కాయాలో అందులోంచే తేలుతుంది.